చిట్టితల్లికి, ప్లగ్గు పెట్టే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "పాత కంప్యూటర్ని అటక మీంచి దింపించిందిరా నీ మేనకోడలు. ఆదివారం ఆన్ చేస్తుందట. దానికి వైఫై పెట్టి, అందులో ఉన్నవన్నీ లాప్‌టాప్‌లోకి లాగేస్తుందట" అంది. 386 చిప్పున్న ఆ పాత కంప్యూటర్‌కి వైఫై అనగానే ముందు నవ్వొచ్చింది. ఆ డబ్బాని పాత సామాన్ల వాడికి వెయ్యకుండా, తాతయ్య డైరీల కోసం వెతికే పిల్ల మనింట్లో ఒకతి ఉందని తర్వాత గర్వంగా అనిపించింది. ఆ పైన ఇక నిద్ర పట్టలేదు.

ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూనే నీ పని నువ్వు చేసుకుపోతావు. అందుకని రాస్తున్నాను. ఆదివారం ప్లగ్గు పెట్టకు.

మూత విప్పి చూడు. మదర్‌బోర్డు మీద చిన్న పీపాలాంటి బ్యాటరీ ఉంటుంది. నికెల్ కాడ్మియంది. ఈపాటికి అది కారిపోయి, చుట్టూ పచ్చగా బూజు పట్టినట్టు ఉంటుంది. బోర్డు మీది రాగి గీతల్ని తినేసేది అదే. దాన్ని కత్తిరించి తీసెయ్. దూదికి వెనిగర్ అద్ది తుడిచి, స్పిరిట్‌తో ఇంకోసారి తుడిచి, రెండు రోజులు ఆరనివ్వు. బ్యాటరీ చచ్చాక తనకున్న డిస్కు ఏదో సిస్టంకి గుర్తుండదు. హార్డ్ డిస్కు మీద అంటించిన కాగితంలో సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఎన్నో ఉంటాయి, ఫోటో తీసి పెట్టుకో. సెటప్‌లో టైపు 47 ఎంచి ఆ అంకెలు వెయ్యాలి. ఒక్క అంకె తప్పినా డిస్కులో ఏమీ లేదన్నట్టే మాట్లాడుతుంది. అప్పుడు ఫార్మాట్ చెయ్యమని తెర మీద వచ్చినా, వీడియోలో ఎవరైనా చెప్పినా చెయ్యకు. నీ చెయ్యి పట్టుకుని ఆపడానికి నేను పక్కన ఉండను.

పవర్ సప్లైలో కెపాసిటర్లు పేలి పొగ రావచ్చు. మొదటిసారి వరండాలో పెట్టి ఆన్ చెయ్, అక్కని దూరంగా కూర్చోబెట్టు.

ఎర్తింగ్ సంగతి కూడా చూసుకో. మన పాతింట్లో మూడు పిన్నుల సాకెట్లు ఉండేవి, మూడో దాని వెనకాల వైరు ఉండేది కాదు. ఎర్త్ లేని కంప్యూటర్ డబ్బా మీద దాదాపు సగం కరెంటు, అంటే నూటపది వోల్టులు, ఊరికే తేలుతూ ఉంటుంది. ముట్టుకుంటే జివ్వుమంటుంది చూడు, అదన్నమాట. అలాంటివి రెంటిని నడుస్తుండగానే కేబుల్‌తో కలిపితే, వెనకాల ఆ కేబుల్ పెట్టే సీరియల్ పోర్టులో చిప్పు పోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఒక బ్యాంకులో అలా రెండు పోర్టులు కాల్చాను. ఆ పోర్టుకి తగిలించడానికి నువ్వు కొన్న వైఫై డబ్బాలో నాకు నచ్చింది ఇదే, రెండు మిషన్ల మధ్య వైరు ఉండదు. కానీ దాన్ని లాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించావో, మళ్లీ వైరు ఉన్నట్టే. ఫోన్ ఛార్జర్‌కి పెట్టు.

ఆ డబ్బా గురించి నాకేం తెలుసులే అనుకోకు, నేనూ చదివాను. లోపల ఈఎస్‌పీ8266 అనే చిప్పు ఉంటుంది. బయటికి మాత్రం పాతకాలపు మోడెంలా నటిస్తుంది. మేం ఫోన్ నంబరు కొట్టినట్టే నువ్వు ఏటీడీటీ అని టైపు చేసి, నంబరు బదులు లాప్‌టాప్ అడ్రసు ఇస్తావు. పాత సిస్టం ఎవరికో ఫోన్ చేశాననుకుంటుంది. చక్కటి మోసం. అది 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, మీ రౌటర్‌లో అది ఆఫ్‌లో ఉంటే తెల్లార్లూ వెతుకుతూ కూర్చుంటుంది. అటూ ఇటూ పోయేదానికి తాళం ఏమీ ఉండదు, అంతా తెరిచిన ఉత్తరమే. అక్క బ్యాంకు పనులు చేసే నెట్‌వర్క్ మీద కాకుండా గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టి అందులో కలుపు, లాప్‌టాప్‌నీ ఆ పూటకి అందులోకే మార్చు. గెస్ట్‌లో ఒకదాన్నొకటి చూడనివ్వని సెట్టింగ్ ఉంటే తియ్యాలి.

ఇక, నాకు నిద్ర పట్టకుండా చేసిన సంగతికి వస్తాను. నీకు ఎవరూ చెప్పి ఉండరు. అక్క చెప్పదు.

1994లో ఆ 386 ఇంకా మన ఇంటికి రాలేదు. అక్క పనిచేసే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. (తర్వాత అది మూసేసినప్పుడు జీతం బాకీ కింద అక్కకిచ్చారు. బరువు తప్ప ఏమీ రాలేదని మీ నాన్న నవ్వేవాడు.) అందులో సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ల జిస్ట్ కార్డు ఉండేది. అది ఉంటే డాస్ అనే పాత సిస్టంలోనే తెలుగు టైపు చెయ్యొచ్చు. అక్క రోజూ సాయంత్రం పని అయ్యాక ఒక గంట కూర్చుని నాన్న వ్యవసాయం డైరీలు టైపు చేసేది. ఏ కార్తెలో ఎంత వాన పడింది, నారు ఎప్పుడు పోశారు, ఎకరానికి ఎన్ని బస్తాలు, ఎద్దుకి ఏం జబ్బు చేసింది. 1970 నుంచి 1981 దాకా పన్నెండేళ్లవి, ఏడు పెద్ద ఫ్లాపీలు. ఒక్కోటి 360 కిలోబైట్లు.

నేను దొరగారిలా సెలవు మీద దిగాను. "అక్కా, ఈ ఫ్లాపీలు బూజు పడతాయి, నా మిషన్‌లోకి ఎక్కించుకుంటాను" అన్నాను. నా దానికి చిన్న ఫ్లాపీ డ్రైవే ఉంది. అయితే ఏం, కేబుల్ నేనే సోల్డర్ చేశాను, రెండో పిన్నూ మూడో పిన్నూ అడ్డంగా మార్చి. డాస్‌లో వేగం చెప్పడానికి మోడ్ కామ్1:9600 అని కొట్టాను. అంతే కొట్టాను. దాని వెనకాల కామా పెట్టి ఎన్,8,1 అని కొట్టలేదు. కొట్టకపోతే డాస్ తనంతట తాను అక్షరానికి ఏడు బిట్లే, ఎనిమిదో చోట ఈవెన్ పారిటీ అనే సరిచూసే బిట్టు అనుకుంటుంది. అవతలి మిషన్‌లో ఎనిమిది బిట్లు పెట్టుకున్నాను కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు సగం పిచ్చిగా వచ్చాయి. అప్పుడైనా పంపేవైపు చూడాలా వద్దా? చూడలేదు. తీసుకునేవైపు కూడా ఏడు చేశాను. తేదీలు, ఇంగ్లీషు ముక్కలు శుభ్రంగా వచ్చేశాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెలుగు అక్షరాలన్నీ ఎనిమిదో బిట్టు మీద బతుకుతాయమ్మా. మన భాషల అక్షరాలకి నంబర్లిచ్చే ఇస్కీ పద్ధతిలో క అంటే 179. ఎనిమిదో బిట్టు తీసేస్తే 51, అంటే 3 అంకె. అ కాస్తా డాలర్ గుర్తు. చ అయితే 8. నాన్న రాతంతా డాలర్లూ అంకెలూ అయిపోయింది. మరి కనిపించలేదా అంటావు. నా మిషన్‌లో జిస్ట్ కార్డు లేదు, తెలుగు ఎలాగూ చెత్తలాగే కనిపిస్తుందని నాకు ముందే తెలుసు. సరిగ్గా వచ్చి ఉంటే ఆ చెత్త గళ్లూ గీతలూ గ్రీకు అక్షరాల్లా ఉండాలి. ఇది వేరే రకం చెత్త. చెత్తలో రకాలు చూడాలని ఎవరికి తోస్తుంది? ఫైలు సైజు చూశాను, ఒక్క బైటు తేడా లేదు. బిట్టు పోయినా బైటు బైటే కదా.

ఒక్కో ఫ్లాపీకి ఆరున్నర నిమిషాలు. గంటలోపు అంతా అయిపోయింది. ఫ్లాపీలు ఖరీదు, ఇన్‌స్టిట్యూట్‌కి కావాలి. అక్క కళ్ల ముందే ఏడూ ఫార్మాట్ చేసి ఇచ్చేశాను.

వారం తర్వాత హైదరాబాద్‌లో జిస్ట్ కార్డున్న సిస్టంలో తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. సిగ్గుతో ఆ ఫైళ్లు కూడా చెరిపేశాను. ఇది రెండో తప్పు, మొదటిదాని కన్నా పెద్దది. ఎందుకంటే, మూడేళ్ల తర్వాత ఏదో మాన్యువల్ తిరగేస్తుంటే అర్థమైంది, ఆ చెత్తకి ఎనిమిదో బిట్టు మళ్లీ తగిలిస్తే నాన్న తిరిగొచ్చేవాడు. ఎక్కడ 3 అంటే క, ఎక్కడ మూడు బస్తాలు అని చూసుకుంటే చాలు. ఒక నెల పని. కాగితం డైరీలు చూద్దామా అంటే, 1996 నవంబర్ తుపానుకి కోనసీమలో మన పెంకుటిల్లే లేచిపోయింది, డైరీలెక్కడివి?

అక్క ఒక్క మాట అనలేదు. 1982 నుంచి ఉన్న డైరీలు టైపు చేసినప్పుడు మాత్రం ఫ్లాపీల్లో పెట్టడం మానేసి, ఆ 40 ఎంబీ డిస్కులోనే పెట్టుకుంది. నాకు చెప్పకుండా. నువ్వు దింపించింది ఆ డిస్కునే.

అందుకని నా మాట విను. డిస్కు విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలిద్దామని నీకూ తోచే ఉంటుంది. ఆ కాలం డిస్కులు చాలావాటితో ఇప్పటి అడాప్టర్లు మాట్లాడలేవు. వైఫై డబ్బా పనికొస్తుంది కానీ నెమ్మది. ఆ 386 సీరియల్ చిప్పుకి వచ్చిన అక్షరాలు దాచుకునే చోటు లేదు, వేగం పెంచితే మింగేస్తుంది. 9600లో డిస్కంతా లాగాలంటే పన్నెండు గంటలు. డైరీలు ఒక్కటే అయితే పర్వాలేదు. ఎనిమిది బిట్లు పెట్టు. డబ్బాలో టెల్నెట్ సర్దుబాటు అని ఒకటి ఉంటే ఆపెయ్, 255 అనే బైటు వచ్చినప్పుడల్లా అది వేలు పెడుతుంది. ఫైలుని ఊరికే కుమ్మరించకు, జడ్‌మోడెం లాంటి దాంతో పంపు. తేడా వస్తే అదే కనిపెట్టి ఆ ముక్క మళ్లీ అడుగుతుంది.

పంపే ముందు అన్నీ జిప్ చెయ్. జిప్‌లో ప్రతి ఫైలుకీ సీఆర్‌సీ లెక్క ఉంటుంది, లాప్‌టాప్‌లో టెస్ట్ చేస్తే ఒక్క బిట్టు పోయినా అరుస్తుంది. ఆ రోజు నేను జిప్ చేసి పంపి ఉంటే ఒక్క ఫైలు కూడా విప్పుకునేది కాదు, అక్కడే ఆగేవాణ్ణి. నా చేతిలో పోయినవి నోరు మూసుకుని పోయాయి. యూనికోడ్‌లోకి మార్చడం తర్వాత సంగతి, తెలుగు వరుస అక్కడికీ ఇస్కీ నుంచే వెళ్లింది, చిన్న పట్టిక చాలు. ఏది ఎంత చెత్తగా కనిపించినా చెరపకు. డిస్కుని మళ్లీ అటకెక్కించు, పారెయ్యకు.

నిజానికి ఇంతకన్నా మంచి దారి నా దగ్గరే ఉంది. నా పెట్టెలో ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డు ఒకటి దాచాను. అది 386లో గుచ్చి, మైకేల్ బ్రట్‌మన్ రాసిన ఎంటీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోగ్రాములు వేస్తే, పాత సిస్టమే అడిగిన ఫైళ్లు ఇచ్చే ఎఫ్‌టీపీ సర్వర్ అవుతుంది. కార్డు నుంచి చిన్న రౌటర్‌కి వైరు, ఆ రౌటర్ మీ వైఫైకి. వైఫై అనేది ఒకటుందని 386కి తెలియనే తెలియదు. డిస్కంతా నిమిషాల్లో వచ్చేస్తుంది, బైనరీ అని కొట్టడం మర్చిపోకపోతే. అసలు ఆ ప్రోగ్రాములు ఆ మిషన్‌లోకి ఎలా ఎక్కిస్తావని అడగవేం? నీ దగ్గర పెద్ద ఫ్లాపీ ఎక్కడుంది? సీరియల్ పోర్టున్న పాత లాప్‌టాప్‌లో డాస్ 6 పెట్టుకున్నాను. అందులో ఇంటర్‌సర్వర్ అని ఒకటుంది, అది కేబుల్ గుండా తనను తానే అవతలికి పంపుకోగలదు. ఆ వెనకే మిగతావీ వెళ్తాయి. ఈసారి రెండూ ఆఫ్ చేశాకే కేబుల్ పెడతాను. ఎర్త్ చూశాకే.

వచ్చే శనివారం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. అప్పటిదాకా బ్యాటరీ తీసి, తుడిచి, ఆరబెట్టు. పైన గుడ్డ కప్పి ఉంచు.

ఇంకొకటి. అందులో 1986 ఫైలు ఉంటుంది. ఆ ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను, దారులన్నీ మూసుకుపోయి రాలేకపోయాను. లంకలో నాన్న ఒక్కడే. ఆ వారం గురించి బతికున్నన్నాళ్లూ నాతో ఏమీ అనలేదు. అక్కని అడిగితే, "టైపు చేసేటప్పుడు చదువుతామేంట్రా" అంది. అది నేను వచ్చాక తెరుద్దాం.

మీ మావయ్య