ఆరేళ్ల పాపతో రాక్ షోకి: ముందు చెవుల సంగతి చూడండి

నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో రాక్ షోకి ఆరేళ్ల పాపనీ, మోకాళ్ల నొప్పులున్న అత్తగారినీ తీసుకెళ్లొచ్చా అని అడిగారు కదండీ. వెళ్లొచ్చు, గ్రౌండ్ టికెట్ మాత్రం వద్దు. అక్కడ గంటలకొద్దీ నిలబడాలి, పాపకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. మెట్లు తక్కువ ఎక్కే స్టాండ్ చూసుకోండి. పిల్లల వయసు నిబంధన కూడా టికెట్ కొనేముందే చదవండి.

అసలు టెన్షన్ పడాల్సింది చెవుల గురించి. ఇలాంటి వేదికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించిన గరిష్ఠ సగటు శబ్దం 100 డెసిబెల్స్. పసి చెవులకు అదే ఎక్కువ. దూది సరిపోదు, చెవిని పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్స్ కొనండి. ఇంట్లోనే కాసేపు పెట్టి అలవాటు చేయండి, లేదంటే అక్కడ పీకి పారేస్తుంది! అత్తగారికి ఇయర్‌ప్లగ్స్ చాలు.

చివరి రెండు పాటలు వదులుకుని లేవండి. అందరితో పాటు బయటికొస్తే క్యాబ్ దొరకడం కష్టం.