అమ్మానాన్నల గదికి ఏసీ కొంటున్నారా? టన్నుల కంటే ముందు స్లాబు సంగతి అడగండి

అమెరికాకో గల్ఫ్‌కో కొత్తగా వచ్చిన మన వరంగల్, కరీంనగర్, జగిత్యాల పిల్లలు చేతిలో నాలుగు డబ్బులు మిగలగానే అడిగే మాట ఇది: "అన్నా, ఇంటికి ఏసీ పెట్టిస్తున్నా. టన్ను సరిపోతుందా, టన్నున్నర తీసుకోవాల్నా?" చాలా మంచి ఆలోచన. రోహిణి కార్తెలో రామగుండంలోనో హన్మకొండలోనో పెద్దవాళ్లు రాత్రిళ్లు నిద్రలేక ఎంత అవస్థ పడతారో మనకు తెలియంది కాదు. అయితే మీరిప్పుడు ఉంటున్న ఇంటిని బట్టి లెక్క వేసుకోకండి.

అమెరికాలో చాలా చోట్ల ఇల్లంతటికీ ఒకటే ఏసీ ఉంటుంది, గోడల్లోనూ అటక మీదా వేడిని ఆపే పొర ఉంటుంది. మన ఊళ్లో అలా కాదు. పగలంతా ఎండకు కాలిన కాంక్రీటు స్లాబు రాత్రి చాలాసేపు గదిలోకి వేడి దించుతూనే ఉంటుంది. ఏసీ గాలితో పాటు ఆ స్లాబునూ గోడల్నీ చల్లబరచాలి. అందుకే ఫోన్ చేసినప్పుడు ముందు ఇవి అడగండి: బాపు, అమ్మ పడుకునే గది పొడవు వెడల్పు ఎంత? పైన ఇంకో అంతస్తు ఉందా, నేరుగా స్లాబేనా? పడమటి గోడకు ఎండ తగులుతుందా?

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే సుమారు 3.5 కిలోవాట్ల చొప్పున, బయటికి తోడేసే శక్తి. ఈ కొలత బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. అంత ఎండలో అదే మిషన్ అంత చల్లదనం ఇవ్వలేదు. 52 డిగ్రీల్లోనూ పనిచేస్తుందని ప్రకటనలో రాసి ఉన్నా, ఆగిపోకుండా నడుస్తుందని మాత్రమే అర్థం చేసుకోండి. పదికి పన్నెండు అడుగుల గది, పైన ఇంకో అంతస్తు ఉంటే టన్ను చాలు. అదే గది స్లాబు కింద ఉండి పడమటి ఎండ కూడా తగిలితే టన్నున్నర తీసుకోండి. 150 నుంచి 180 చదరపు అడుగుల గదికి ఎలాగూ టన్నున్నర కావాలి. వంటింటికి తెరిచి ఉన్న హాల్లో రెండు టన్నులది పెట్టించి గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు. పెద్దవాళ్లకు కావాల్సింది నిద్ర, కాబట్టి పడకగదికే పెట్టించండి. హాల్లో పాత కూలర్ ఉండనివ్వండి. ఏప్రిల్, మే పొడి ఎండలకు అది బాగానే పనిచేస్తుంది. వానలు మొదలై ఉక్కపోత వచ్చాకే దానితో లాభం ఉండదు.

పెద్దది కొంటే ఇంకా మంచిదే కదా అనుకోవద్దు. ఇన్వర్టర్ కాని ఏసీ గదికి మించినదైతే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉంటుంది. ఇన్వర్టర్ రకం వేడిని బట్టి వేగం తగ్గించుకుంటుంది కాబట్టి రాత్రంతా నడిచే గదికి అదే మేలు. కాయిల్, అంటే లోపలి గొట్టాల చుట్ట, రాగిదే తీసుకోండి, రిపేరు సులువు.

ఇక అసలు సమస్య బిల్లు. చాలా ఇళ్లలో ఏసీ బిగించాక కూడా బిల్లు భయంతో దాన్ని ముట్టుకోరు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఆ భయానికి కారణం ఉంది. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఏసీకి అంటించే స్టార్ లేబుల్ మీద రాసే కరెంటు యూనిట్లు ఏడాదికి 1600 గంటల వాడకానికి లెక్క. లేబుల్ మీద 800 ఉంటే గంటకు సగటున అర యూనిట్, రాత్రి ఎనిమిది గంటలకు నాలుగు, నెలకు 120. మండే ఎండల్లో ఇంకా ఎక్కువే అవుతుంది. ఇంట్లో ఇప్పటికే వంద యూనిట్లు కాలుతుంటే ఎండాకాలంలో ఉచితం పోయినట్టే. ఈ సంగతి ముందే చెప్పి, ఆ నెలల బిల్లు మీరే కట్టండి. సర్వీస్ నంబర్ దగ్గరుంటే ఆన్‌లైన్‌లో కట్టేయొచ్చు. 26 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోమనండి, హాయిగా ఉంటుంది, కరెంటూ తక్కువ కాలుతుంది.

ఏసీ కంటే ముందు స్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ వేయించమని నేను గట్టిగా చెబుతాను. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. టన్నున్నర అనుకున్న గది ఒక్కోసారి టన్నుతోనే సరిపోతుంది.

పాత ఇళ్లలో వైరింగ్ చూపించండి. మీటర్ నుంచి ఏసీకి వేరే లైను, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. మంజూరైన లోడు చాలకపోతే విద్యుత్ ఆఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టాలి. వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండే వీధైతే స్టెబిలైజర్ తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు మామూలు ఇంటి బ్యాటరీ ఇన్వర్టర్ మీద ఏసీ నడవదని కూడా వాళ్లకు చెప్పండి.

మీరుంటున్న దేశం నుంచి ఏసీ మోసుకెళ్లే ఆలోచన చేయొద్దు. అమెరికా కరెంటుకు తయారైనది మన 230 వోల్టులకు సరిపోకపోవచ్చు, గల్ఫ్‌లో కొన్నదానికి ఊళ్లో సర్వీసు దొరకదు. సర్వీస్ సెంటర్ వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఉన్న కంపెనీదే ఎంచుకుని ఫిబ్రవరిలోనే కొనండి, ఏప్రిల్ వస్తే బిగించే మనిషి దొరకడం కష్టం. బిగించే రోజు వీడియో కాల్‌లో ఉండండి. బయటి యూనిట్‌ను నాలుగు వైపులా మూసిన సందులో పెడుతుంటే వెంటనే ఆపించండి. వేడి గాలి బయటికి పోయే దారి ఉండాలి, వీలైతే నీడ ఉండాలి, కడగడానికి మనిషి చేయి అందాలి.