ముందు తడి ఆరనివ్వండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల ఒకరు పొగాకు కాల్చే పైపు గురించి అడిగితే నాలుగు ముక్కలు రాశాను. దాంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైపు మీదే ఉన్నాయి. జవాబులకు ముందు ఒక మాట. ఏ కంపెనీ పేరూ, ఏ డబ్బా పేరూ నేను రాయను. 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది. పత్రికలో పేరు పెట్టి మెచ్చుకోవడానికీ ప్రకటనకూ పెద్ద దూరం లేదు. నేనెవరినని కొందరు అడిగారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు గ్రేడరుగా పనిచేసి, రిటైరై సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో ఉంటున్నాను. బేలు విప్పి, ఆకు చేత్తో పట్టుకుని తడి ఎంతుందో చెప్పడం నా ఉద్యోగంలో భాగం. రాత్రి భోజనమయ్యాక ఒక పైపు కాలుస్తాను. అది మంచి అలవాటని ఎవరికీ చెప్పను.

ప్రశ్న: నా వయసు 31. మియాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తాను. పైపుకు మారితే ఆరోగ్యానికి మేలని మిత్రుడు చెప్పాడు. ఆన్‌లైన్‌లో సింహం తల చెక్కిన పైపు ఒకటి చూశాను, చాలా బాగుంది. మొదటి పైపుగా అది కొనవచ్చా? ఏ పొగాకుతో మొదలుపెట్టాలి?

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజం కాదు. పైపు పొగ వల్ల కూడా నోటికి, గొంతుకు, ఊపిరితిత్తులకు క్యాన్సర్ వస్తుంది. పైపు పొగను నోట్లో ఉంచుకుని వదిలేస్తారు, లోపలికి పీల్చరు అన్నది పాతకాపుల సంగతి. సిగరెట్టుకు అలవాటుపడినవాళ్లు పైపు పట్టినా ఆ అలవాటు కొద్దీ గుండెల నిండా పీలుస్తారు. అప్పుడు రెండింటికీ తేడా ఏమీ మిగలదు. సిగరెట్టు మానడమే మీ ఉద్దేశమైతే పైపు కొనకండి. 1800-11-2356కు ఫోను చేయండి. పొగాకు పెట్టెల మీద బొమ్మ కింద అచ్చువేసే నంబరు అదే, డబ్బులు పడవు.

ఇది చదివాక కూడా కొంటానంటే, ఆ సింహాన్ని మాత్రం వదిలేయండి. చెక్కడం మీద పెట్టిన శ్రద్ధ లోపలి రంధ్రం మీద పెట్టినవాళ్లు తక్కువ. పైగా అలాంటి పైపులు బరువుగా ఉంటాయి, పళ్ల మధ్య నిలవవు. ఏదో ఒక కలపతో చేసి లోపలా బయటా వార్నిష్ పూసినవీ ఉన్నాయి. వాటిలో నిప్పు పెడితే మొదట కాలేది వార్నిష్, దాన్ని పీల్చేది మీరు.

మొదటి పైపుకు దారులు రెండే. ఒకటి, మొక్కజొన్న కంకి బెండుతో చేసినది. అమెరికాలోని మిస్సోరీలో 1869 నుంచి తయారవుతోంది. చవక, తేలిక, తడిని బాగా పీల్చుకుంటుంది, కొత్తదాన్ని మచ్చిక చేసుకునే బాధ లేదు. చూడటానికి గొప్పగా ఉండదు, అంతే. ఇంత చవకదాన్ని చేత్తో పట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లను చూశాను. వాళ్లకు కావలసింది పైపు కాదు, ఫోటో. రెండోది బ్రయర్. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరుగడ్డ ఇది. గడ్డను గంటల తరబడి నీళ్లలో ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి, ఆ తర్వాతే చెక్కుతారు. అందుకే నిప్పుకు తట్టుకుంటుంది. సముద్రపు నురుగులా తెల్లగా ఉండే మీర్‌షామ్ పైపుల గురించి కూడా మీరు చదివే ఉంటారు. తుర్కియేలోని ఎస్కిషెహిర్ దగ్గర తవ్వితీసే మెత్తని ఖనిజం అది. చేయి జారితే ముక్కలే. ఇప్పుడు వద్దు.

బ్రయర్ కొనేటప్పుడు ఆకారం చూసి మురిసిపోకండి. కొట్లో ఒక పైపు క్లీనర్, అంటే నూలు చుట్టిన సన్నని తీగ, అడిగి తీసుకోండి. నోటి కొసన దూర్చితే అడ్డం లేకుండా, పొగాకు నింపే గిన్నె అడుగున బయటికి రావాలి. రాకపోతే ఆ పైపులో తడి చేరి, కాల్చినంతసేపూ గురగురమంటుంది. తర్వాత గిన్నెలోకి తొంగి చూడండి. రంధ్రం సరిగ్గా అడుగున ఉండాలి. పైకి ఉంటే ప్రతిసారీ అడుగున కాలని పొగాకు మిగిలిపోతుంది. గోడ మందంగా ఉండాలి. తిన్నని కాడ అయితే శుభ్రం చేయడం సులువు. వంపు కాడ పళ్ల మధ్య హాయిగా వేలాడుతుంది గానీ తడి ఆ వంపులోనే చేరుతుంది. మొదటిసారి తిన్ననిదే తీసుకోమంటాను. ఇంత ధర అని చెప్పను. పోతే బాధపడనంత పెట్టండి.

ఇక పొగాకు. ఇక్కడ నా పాత ఉద్యోగం మాట్లాడుతుంది. వర్జీనియా అనే రకం ఆకును బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, వేడి పెంచుకుంటూ ఆరబెడతాం. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారాక వేడితో దాన్ని అక్కడే ఆపేస్తాం. అందుకే వర్జీనియా తియ్యగా ఉంటుంది, తొందరపడి కాలిస్తే నాలుకను కరుస్తుంది. బర్లీ అనే రెండో రకాన్ని నీడలో వారాల తరబడి గాలికి ఆరనిస్తారు. ఆ లోపల ఆకే తన చక్కెరను తినేస్తుంది. బర్లీ కరవదు, కానీ నికోటిన్ ఎక్కువ. కొత్తవారికి బర్లీ ప్రధానంగా ఉండి, కాస్త వర్జీనియా కలిసిన సాదా మిశ్రమం చాలు. చెర్రీ, వెనిలా వాసనల పొగాకుకే అందరూ ఎగబడతారు. ఆ వాసనలు పక్కవాళ్లకే గానీ కాల్చేవాడికి పెద్దగా అందవు. పైగా వాటిని ఆరిపోకుండా తడిగా ఉంచేందుకు ఏవేవో కలుపుతారు. తడి పొగాకు ఆవిరి పుట్టిస్తుంది, నాలుక కాలేది ఆ ఆవిరికే. లటాకియా అని ఇంకో రకం ఉంది, కట్టెల పొగలో మగ్గబెట్టిన ఆకు. నాకు ఇష్టమే. అపార్ట్‌మెంట్‌లో వెలిగిస్తే మాత్రం వాచ్‌మన్ నీళ్ల బకెట్‌తో వస్తాడు.

పొగాకు పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. లేకపోతే అది చట్టప్రకారం అమ్మకానికి వచ్చిన సరుకు కాదు. ఎంత మంచిదని చెప్పినా అక్కడే పెట్టి వచ్చేయండి.

ప్రశ్న: వయసు 19, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటాను. ఇంతవరకూ ఏ పొగా తాగలేదు. పైపు పట్టుకుంటే హుందాగా ఉంటుందనిపిస్తోంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మొదలుపెట్టకండి. హుందాతనం కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కోండి.

ప్రశ్న: మా తాతగారి పైపు పాత ట్రంకు పెట్టెలో దొరికింది. కాడ పచ్చగా మారింది, లోపల నల్లగా గడ్డకట్టింది. వాడవచ్చా? – మల్కాజిగిరి

జవాబు: గిన్నె పగలకపోతే వాడవచ్చు. కొత్త పైపు కన్నా ఇది నయం కూడా కావచ్చు. కాడ వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వెలుతురు తగిలి అలా పచ్చబారుతుంది. సన్నని నీటి గరుకు కాగితాన్ని తడిపి ఓపిగ్గా రుద్దితే నలుపు తిరిగి వస్తుంది. కాడను గిన్నె నుంచి తీసేటప్పుడు గుంజకండి, మెల్లగా తిప్పుతూ లాగండి. రాకపోతే ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి.

లోపలి నల్లని పొరను పూర్తిగా గీకేయకూడదు. అది గిన్నె గోడను కాపాడుతుంది. రూపాయి బిళ్ల మందాన మిగిల్చి, మిగతాది మొద్దుబారిన చాకుతో తీయండి. పాత వాసన పోవడానికి గిన్నెలో దూది కూరి, చుక్కలు చుక్కలుగా వోడ్కా పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి దూది కాఫీ రంగుకు తిరుగుతుంది. రంగు తగ్గేదాకా మళ్లీ చేయండి. పెయింటు కొట్లో దొరికే స్పిరిట్ మాత్రం ముట్టవద్దు, అందులో విషం కలుపుతారు. గిన్నెను నీళ్లలో నానబెట్టవద్దు. ఆ తర్వాత రెండు రోజులు ఆరనివ్వండి.

సరదాకు ఒక మాట: సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పనితనపు హుక్కా బుడ్లు ఉన్నాయి, చూసి రండి. నల్లని లోహం మీద వెండి తీగలు పొదిగినవి. నోటికి చేరేలోగా పొగ చల్లారాలన్న సంగతి నవాబులకు బాగా తెలుసు.

ప్రశ్న: మావారు బాల్కనీలో పైపు కాలుస్తారు. వాసన బాగానే ఉంటుంది, సిగరెట్టు కంపులా ఉండదు. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. ఫరవాలేదా? – కూకట్‌పల్లి

జవాబు: ఫరవాలేదని అనలేను, అమ్మా. వాసన వేరు, పొగ వేరు. పక్కవాళ్లు పీల్చే పైపు పొగ కూడా హానే. పిల్లలు లోపలికి వచ్చి తలుపు మూశాకే ఆయన్ను వెలిగించుకోమనండి. ఈ పేజీ చూపించి, ముసలాయన చెప్పాడని నా మీద పెట్టండి.

ప్రశ్న: రెండు నెలలుగా పైపు కాలుస్తున్నాను. నాలుక మండుతోంది, గిన్నె పట్టుకోలేనంత వేడెక్కుతోంది, మాటిమాటికీ ఆరిపోతోంది. పైపు మార్చాలా? – సైనిక్‌పురి

జవాబు: పైపును నిందించకండి. మీరు రాసిన మూడు కష్టాలకూ కారణం తడి, తొందర. బహుశా సీలింగ్ ఫ్యాన్ కూడా. మన ఊళ్లో ఎండాకాలం ఫ్యాన్ కింద కూర్చుని పైపు వెలిగించేవాళ్లు చాలామంది. ఆ గాలి నిప్పును ఊదుతూనే ఉంటుంది. ఫ్యాన్ ఆపండి, లేదా దాని కింద నుంచి జరగండి.

పొగాకును డబ్బాలోంచి తీసి నేరుగా నింపవద్దు. కాగితం మీద పలచగా పరవండి. ఏప్రిల్, మే నెలల్లో కొద్ది నిమిషాలు చాలు. ముసురు పట్టిన రోజుల్లో గంట పట్టినా ఆశ్చర్యం లేదు. రెండు వేళ్లతో చిటికెడు నొక్కి వదలండి. ముద్దగా ఉండిపోతే ఇంకా తడి ఉంది. పొడి రాలితే ఎక్కువ ఆరింది. మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది. బేళ్ల దగ్గర నేను చూసిందీ దాదాపు ఇంతే.

గిన్నెను సగమే నింపండి. అడుగున వదులుగా రాల్చి, పైన కొంచెం అదిమి, ఆ పైన ఇంకొంచెం అదమండి. వెలిగించకముందే ఒకసారి పీల్చి చూడండి, కొబ్బరి బోండాంలో స్ట్రాతో తాగినంత తేలిగ్గా రావాలి. అగ్గిపుల్ల గీశాక మందు వాసన పోయేదాకా ఆగి, పైనంతా తిప్పుతూ వెలిగించండి. పొగాకు ఉబ్బి పైకి లేస్తుంది. టాంపర్‌తో, అంటే పొగాకును అదిమే చిన్న పనిముట్టుతో, మెల్లగా సర్ది మళ్లీ వెలిగించండి. మధ్యలో ఆరిపోతే ఆరిపోనివ్వండి, అది తప్పేమీ కాదు. ఆరకూడదన్న పంతంతో గబగబా పీల్చడం వల్లే గిన్నె కాలేది. చెంపకు ఆనిస్తే భరించలేనంత వేడెక్కిందంటే పక్కన పెట్టండి. పరగడుపున అసలే వద్దు. తల తిరిగితే ఆ పూటకు ఆపేయండి.

కాల్చాక వేడి మీద కాడ పీకకండి, ఆ బిగువు వదులైపోతుంది. క్లీనర్ దూర్చి తడి తీసి, మర్నాడంతా ఆ పైపుకు సెలవివ్వండి.

ఇదంతా చేశాక కూడా మంట తగ్గకపోతే పైపు పూర్తిగా మానేసి చూడండి. మానాక రెండు వారాలకీ పుండు మానకపోయినా, నోట్లో తెల్లని మచ్చ కనిపించినా నాకు ఉత్తరం రాయవద్దు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లి నోరు చూపించుకోండి.