ఏడో మెట్టు గురించి

అనంతపురం

చిరంజీవికి,

ఎన్‌ఎంఎస్ (నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూసే) బాక్స్‌లో సిస్‌లాగ్, అంటే లాగ్ సందేశాలను సర్వర్‌కు పంపే ఏర్పాటు, పెట్టడం మీద నువ్వు రాసిన అధ్యాయం చదివినా. భాష బాగుంది. ఏడో మెట్టు కాడ మాత్రం ఒళ్ళు మండింది: "టెస్ట్ బటన్ నొక్కండి. విజయవంతం అని వస్తే పని పూర్తయినట్లే."

ఏం పూర్తయింది నాయనా? ఆ మాట అంటున్నది పంపిన బాక్స్. సిస్‌లాగ్ మామూలుగా పోయేది యూడీపీ అనే పద్ధతిలో, 514 పోర్టు మీద. అందిందని యూడీపీలో తిరుగు జవాబే ఉండదు. పోస్టు డబ్బాలో కార్డు వేసినట్టే. సర్వర్ ఐపీలో ఒక అంకె తప్పు కొట్టినా బాక్స్ విజయవంతమనే అనొచ్చు.

పరీక్షను అందుకునే వైపు నుంచి రాయి. ముందు సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చే ప్యాకెట్లను చూపే పనిముట్టు) పెట్టి 514 మీద కాపు కాయమను, బటన్ ఆ తర్వాతే. ప్యాకెట్ అక్కడ కనపడకపోతే తప్పు దారిలోనో బాక్స్‌లోనో ఉంది: ఐపీ, రూటింగ్, నడుమ ఫైర్‌వాల్. కనపడి, ఫైల్లో లేకపోతే తప్పు సర్వర్‌దే. సర్వర్‌లో సిస్‌లాగ్ అందుకునే ప్రోగ్రాం ఆర్‌సిస్‌లాగ్. దాని సెట్టింగుల ఫైల్లో యూడీపీని వినే ఇమ్‌యూడీపీ వరుసలు మామూలుగా హ్యాష్ గుర్తు వెనక నిద్రపోతుంటాయి. గుర్తు తీసి సర్వీసు రీస్టార్ట్ చేయాల. ఇంకోటి, టీసీపీడంప్ చూసేది సర్వర్ సొంత ఫైర్‌వాల్ కంటే ముందు. కాబట్టి అక్కడా 514 తెరిచి ఉందో లేదో చూడమను.

"అవసరమైన స్థాయి ఎంచుకోండి" అని ఇంకోచోట తప్పించుకున్నావు. ఏది అవసరమో తెలిసినోడు నీ పుస్తకం ఎందుకు తెరుస్తాడు? స్థాయిలు 0 నుంచి 7. అంకె పెరిగే కొద్దీ తీవ్రత తగ్గుతుంది. 4, అంటే వార్నింగ్ పెడితే 0 నుంచి 4 దాకానే బయటికొస్తాయి. టెస్ట్ సందేశం 6వ స్థాయిదైతే అది గడప దాటదు, మనిషి మాత్రం సర్వర్‌ను తిడుతూ కూర్చుంటాడు. ప్యాకెట్ మొదట్లో 134 అని కనపడితే విడదీసి చూపించు: ఫెసిలిటీ (సందేశం ఏ రకందో చెప్పే అంకె) 16 ఎనిమిదింతలు 128, పైన స్థాయి 6. అంటే లోకల్0, ఇన్ఫర్మేషనల్. సందేశం వేరే ఫైల్లోకి ఎందుకు పోతోందో ఈ లెక్కతోనే తేలుతుంది.

గడియారాలను సరిచేసే ఎన్‌టీపీని అనుబంధంలో పడేసినావు. మొదటి మెట్టు చెయ్యి. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3164 (సిస్‌లాగ్ సందేశం ఎట్లుంటుందో చెప్పే పత్రం) తీరు సందేశంలో సంవత్సరం గానీ టైమ్ జోన్ గానీ ఉండవు. కడప రూటర్ మన టైంలో, కర్నూలు స్విచ్ యూటీసీలో ఉంటే ఒకే సంఘటన ఐదున్నర గంటల తేడాతో కనపడుతుంది. 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5424 తీరులో రెండూ ఉంటాయి.

సంపాదకులు లాగ్‌ను "చిట్టా" చేయమంటారు. ఒప్పుకోవద్దు. చిట్టా ఆదోని మండీలో గుమాస్తా రాసేది. సర్వర్ గదిలో ఆ మాట ఎవురంటారు? పేజీలు ఎక్కువైనాయని వాళ్ళు మొదట కోసేది కూడా తప్పుల భాగాన్నే. కావాలంటే బొమ్మలు కోసుకోమను.

ఏడో మెట్టు తిరగరాసి పంపు. సర్వర్ తెర మీద కనపడిన వరుస కూడా ఉన్నదున్నట్టు దించి పంపు.