తాతల నాటి భోషాణం, పందిరి మంచం: పాలిష్ వాళ్లను పిలిచే ముందు

మీరు అడిగింది ఇదీ: ప్రొద్దుటూరులో తాతల నాటి మట్టిమిద్దె పడగొడుతున్నారు. లోపల ఒక భోషాణం, పందిరి మంచం, పేము అల్లిన పడక కుర్చీ, గల్లాపెట్టె ఉన్నాయి. భోషాణానికి పచ్చ ఎనామిల్ పూశారు, అడుగు పుప్పి పట్టింది. ఒక వ్యాపారి అన్నింటికీ కలిపి ఒకే బేరం పెట్టాడు. అమ్మేయాలా, బాగుచేయించి కొత్తింట్లో పెట్టుకోవాలా, చేయిస్తే ఎట్లా?

ముందుగా పాలిష్ వాళ్లను ఆపండి. చిత్రిక పట్టి, ఎమిరీ పేపర్‌తో తెల్లగా రుద్ది, పైన మెలమైన్ (మెరిసే రసాయన పాలిష్) కొట్టిస్తే మీ చేతికి వచ్చేది పాత చెక్కతో చేసిన కొత్త పెట్టె. సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది ఆ పైపొరకే: నూరేళ్ల చేతి తడి, దీపపు పొగ, నూనె, అరుగుదల కలిసి చెక్కలోకి దిగిన రంగు. అది అర మిల్లీమీటరు లోతు కూడా ఉండదు. ఒక పూట రుద్దితే పోతుంది, మళ్లీ తెప్పించే దారి లేదు. కాబట్టి వరుస ఇది: మొదట పురుగు, తర్వాత కీళ్లు, పైపని అన్నింటికన్నా చివర. ఏ పని చేసినా రేపు ఇంకొకరు విప్పుకోగలిగేట్టు చేయాలి.

మిద్దె పడగొట్టే రోజుకు ముందే సామాను బయటికి రావాలి. పందిరి మంచాన్ని నిలబెట్టి మోయొద్దు, విప్పండి. విప్పే ముందు నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీసి, ప్రతి కోడుకూ (మంచం కాలు) పట్టెకూ (పక్క కర్ర) సుద్దతో అంకె వేయండి. పాత వడ్రంగులు కుసి (బెజ్జంలోకి దూరే కొన) పక్కనే ఉలితో చిన్న గాట్లు పెట్టుకునేవాళ్లు. ఒక గాటు ఉన్న కుసి ఒక గాటు ఉన్న బెజ్జంలోకే పోతుంది. ఆ గాట్లు కనబడితే మీ అంకెలకన్నా వాటినే నమ్మండి. కొయ్యచీలలు ఒకవైపు సన్నగా ఉంటాయి. సన్నని కొస మీద కొయ్య సుత్తితో తడితే రెండోవైపుకు వచ్చేస్తాయి. లావు వైపు నుంచి కొడితే బెజ్జం చీలుతుంది. మంచాలు పాడవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ముందుంటుంది.

వయసు తేల్చుకోవాలంటే పైన కాదు, అడుగున చూడాలి. గల్లాపెట్టె సొరుగు లాగి తిరగేయండి, భోషాణం మూత లోపలి వైపు టార్చి పక్కవాటుగా వేయండి. అక్కడ ఎవరూ నున్నగా చిత్రిక పట్టరు. చేతిరంపం గాట్లు తిన్నగా, ఎడాలు సమానంగా లేకుండా ఉంటాయి. బిళ్లరంపం (గుండ్రంగా తిరిగే మిషను రంపం) అయితే విల్లులా వంగిన గీతలు పడతాయి. సొరుగు మూలల్లో ఒకదాంట్లో ఒకటి ఇరికించిన పళ్లు ఒక్కోటి ఒక్కో వెడల్పు ఉంటే చేతిపని. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివర్లో వ్యాపించాయి. తలమీద కూడిక గుర్తు ఉన్న స్క్రూ 1930ల తర్వాతిది. నలుచదరం మేకు కనబడగానే మురిసిపోవద్దు, మన పల్లెల్లో కమ్మరి దగ్గర మేకులు చేయించుకునే అలవాటు చాలాకాలం నడిచింది. ఒక్క స్క్రూని బట్టి మొత్తం సామానుకు తేదీ కట్టొద్దు కూడా, అది తర్వాత ఎవరో బిగించింది కావచ్చు. గుండ్రటి బల్ల ఉంటే ఇంకో మంచి పరీక్ష ఉంది. చెక్క నారబాటున, అంటే పొడవునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. మూడడుగుల బల్లను రెండు వైపులా టేపుతో కొలిస్తే అడ్డం కొలత మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ రావాలి. కచ్చితంగా గుండ్రంగా ఉంటే, ఆ బల్ల ఇటీవల కోసిందేమోనని అనుమానించండి.

పాత పెట్టె, కొత్త కాళ్లు. పాత ద్వారబంధంతో చేసిన కొత్త బల్ల: ఇలాంటివి బజారులో చానా ఉన్నాయి. పనిలేని చోట మేకుల బొక్కలు, మూసేసిన బెజ్జాలు, ఒకే పలకకు రెండు రంగులు కనబడితే అది అతుకుల సామాను. మీవి ఇంట్లోనే ఉన్నవి కాబట్టి ఆ బెంగ లేదు. వ్యాపారి ఒకే బేరం పెట్టడానికి అదీ ఒక కారణం. విడివిడిగా ధర అడగండి.

ఇక పురుగు. పుప్పి వేరు, చెద వేరు, మందు కూడా వేరు. పుప్పిపురుగు గుండుసూది తలంత బొక్క చేసి, టాల్కం పౌడర్ లాంటి మెత్తని పిండి రాలుస్తుంది. అది తినేది చేవ లేని తెల్ల చెక్కను, అందులోని పిండిపదార్థం కోసం. టేకు చేవను దాదాపు ముట్టదు. అందుకే టేకు భోషాణంలో కూడా పలకల అంచుల్లో, అడుగున వేసిన నాసిరకం చెక్కలో బొక్కలు కనిపిస్తాయి. పురుగు ఇంకా ఉందా, ఎప్పుడో పోయిందా తెలుసుకోవాలంటే పిండి అంతా బ్రష్షుతో ఊడ్చి, కింద నల్ల కాగితం పరిచి పది రోజులు వదిలేయండి. మళ్లీ పిండి రాలితే బతికి ఉన్నట్టు. రాలకపోతే ఇప్పటికి మందు అక్కర్లేదు, కానీ తర్వాత కూడా అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. మందు వేయాల్సి వస్తే, రంగూ పాలిష్షూ లేని ఉత్తి చెక్క మీద లీటరు వేడినీళ్లలో 30 గ్రాముల బోరాక్సు, 20 గ్రాముల బోరిక్ ఆసిడ్ కలిపి, ఒక్కో పూత ఆరాక మళ్లీ పూస్తూ రెండు మూడు పూతలు బ్రష్షుతో వేయండి. పాలిష్ పొర ఉన్నచోట ఇది లోపలికి దిగదు, వృథా. నీళ్లు తగిలితే కడుక్కుపోతుంది కాబట్టి ఇంటి లోపలి సామానుకే పనికొస్తుంది.

చెద నేలలోంచి వస్తుంది, కాబట్టి మందు నేలకు వేయాలి. నాపరాయి పరిచిన ఇంట్లో బండల సందుల్లోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకొస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీళ్లకు 2.1 మి.లీ. చొప్పున కలిపి గోడ వెంబడి సందుల్లో పోస్తారు. చేతి తొడుగులు వేసుకోవాలి, పిల్లలూ పశువులూ దగ్గర ఉండకూడదు. సామాను కాళ్ల కింద రెండంగుళాల నాపరాయి ముక్కలు పెట్టి, గోడకు నాలుగంగుళాలు ఎడం ఉంచండి. రాయి చెదను ఆపదు, కానీ దాని పక్కన మట్టి గొట్టం ఎక్కితే కంటికి కనబడుతుంది. నేలకు ఆనుకున్న భోషాణం అడుగు పూర్తిగా తినేసేదాకా ఎవరికీ తెలియదు. మీ భోషాణం అడుగు పలక గోటితో గుచ్చితే దిగుతోంటే అదొక్కటే మార్పించండి, పాత టేకుతోనే. పక్కల జోలికి పోవద్దు.

కీళ్లు. ఊగుతున్న కుర్చీకి మేకు కొట్టడం, ఇనుప ఎల్ పట్టీ బిగించడం ఊరంతా చేసే పని, అదే చేటు. ఇనుము చుట్టూ చెక్క నల్లబడి చీలుతుంది, చెక్క కదిలినప్పుడల్లా బొక్క పెద్దదవుతుంది. పాత కీళ్లలో ఉన్నది ఎక్కువగా వజ్రం బంక, తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసేది. దాని గొప్పతనం వేడినీళ్లకు కరగడమే. గుడ్డ వేడినీళ్లలో ముంచి కీలుకు చుట్టి అరగంట ఉంచితే జారుతుంది. మొండికేస్తే సిరంజితో మిథిలేటెడ్ స్పిరిట్ (పాలిష్ వాళ్లు వాడేది) కీల్లోకి ఎక్కించండి, బంక పెళుసై విడుస్తుంది. విప్పాక కుసి మీదా బెజ్జంలోనూ పాత బంకంతా వేడినీళ్లతో కడిగి రెండు రోజులు ఆరనివ్వాలి. పాత బంక మీద ఫెవికాల్ పూస్తే చెక్కకు అందదు, ఏడాదికే మళ్లీ ఊగుతుంది. శుభ్రమైన చెక్కకు పూస్తే తర్వాత విప్పడం చాలా కష్టం. వజ్రమే వాడండి: ఒక వంతు పలుకులకు రెండు వంతుల చన్నీళ్లు పోసి నాలుగైదు గంటలు నాననిచ్చి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. నేరుగా పొయ్యి మీద పెట్టి ఉడికిస్తే పట్టు పోతుంది. కుసి అరిగి వదులైతే అదే జాతి చెక్క సన్నని పొర అతికించి లావు చేయాలి, గుడ్డపేలిక చుట్టకూడదు. క్లాంపులు లేకపోతే నులకతాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో కర్రపుల్ల దూర్చి మెలిపెట్టండి. తాడు కోసుకోకుండా మూలల్లో గుడ్డ ఉంచి, ఒక పగలు ఒక రాత్రి కదపకుండా వదిలేయండి.

పలకల మధ్య సందులు వస్తాయి. మన దగ్గర ఎండాకాలం గాలి అంత పొడిగా ఉంటుంది మరి. ఆ సందుల్లో లప్పం, ఎంసీల్ నింపితే వానాకాలం పలక ఉబ్బడానికి చోటు లేక ఇంకోచోట పగులుతుంది. చూడలేనంత పెద్ద సందయితే సన్నని టేకు బద్ద దూర్చి, ఒక వైపు మాత్రమే బంక పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగిలేచోట మాత్రం ఏ పాత సామానూ పెట్టకండి.

పచ్చ రంగు విషయంలో జాగ్రత్త. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన ఎనామిల్‌లో సీసం బాగా ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. ముందు మూత లోపలి మూలలో రెండంగుళాల మేర తీసి చూడండి, కింద పాత రంగు పని గానీ పూల గీతలు గానీ ఉంటే అక్కడే ఆగిపోండి. లేకపోతే పెయింట్ రిమూవర్ జెల్ ఒక్కో చదరపు అడుగు పూసి, పదిహేను నిమిషాలాగి, ఇనుప పట్టీతో కాకుండా వెదురు బద్దతో తీయండి. ఆరుబయట చేయాలి. మిగిలిన జిగురు టర్పెంటైన్ గుడ్డతో తుడవాలి. కొందరు కాస్టిక్ సోడా నీళ్లు పోసి కడిగేస్తారు. రంగు ఒక గంటలో ఊడుతుంది, దాంతోపాటు కీళ్ల బంక కరిగి, టేకు నల్లబడి, నార పైకి లేస్తుంది. అలా పాడైన భోషాణాన్ని మళ్లీ మామూలు చేయడం ఏ వడ్రంగి వల్లా కాదు.

ఇత్తడి బొడిపెలకు, పట్టీలకు చింతపండు రుద్దకండి. చెంబుకు బాగుంటుంది గానీ ఇక్కడ పులుసు పట్టీ కిందికి దిగి చెక్కను నల్లబరుస్తుంది, అంచుల్లో పచ్చ చిలుము పుట్టిస్తుంది. మెత్తటి గుడ్డతో పొడిగా తుడిస్తే చాలు.

పైపని. దాచిన చోట ఒక చుక్క స్పిరిట్ వేసి వేలితో రుద్దండి. జిగటపడితే అది లక్క పాలిష్, దాన్నే కాపాడుకోవచ్చు. తుడిచి, అరిగినచోట కొత్త లక్క పట్టిస్తే పాతదాంట్లో కలిసిపోతుంది. లీటరు మిథిలేటెడ్ స్పిరిట్‌లో 200 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, పల్చని గుడ్డలో వడగట్టండి. ఆరు నెలలు దాటిన ద్రావణం సరిగా ఆరదు, కాబట్టి కావాల్సినంతే కలపండి. దూది ముద్దను పాత పంచె గుడ్డలో కట్టి, తడిపి, ఆగకుండా చుట్లు తిప్పుతూ పట్టించాలి. ఒక చోట ఆగితే గుడ్డ అతుక్కుని పొర లేస్తుంది. ముసురు పట్టిన రోజు చేస్తే తెల్లగా మసక కడుతుంది. మన జిల్లాల్లో డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. లక్క వద్దనుకుంటే 100 గ్రాముల తేనెమైనం 300 మి.లీ. టర్పెంటైన్‌లో కరిగించి పూసినా చాలు. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో కరిగించి, మంట ఆర్పాకే టర్పెంటైన్ కలపాలి. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలు ముద్దచేసి మూల పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విప్పి ఆరేయండి.

పడక కుర్చీ పేము తెగకుండా సాగి ఉంటే మార్చనక్కర్లేదు. అడుగువైపు గోరువెచ్చని నీళ్లు తడిపి, ఎవరూ కూర్చోకుండా ఒక రోజు ఆరనిస్తే బిగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకోసారి ఇలా తడపకపోతే మన ఎండలకు పేము పెళుసై తెగుతుంది. కొత్తగా అల్లిస్తే చట్రంలోని పాత బొక్కలే వాడమనండి. చుట్టూ గాడి తీసి రెడీమేడ్ కేన్ షీటు అతికించనివ్వద్దు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించలేరు, అలాంటివి అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. మీ దగ్గరికి వచ్చినవాడిని అది చూపించమనండి. గల్లాపెట్టెలో ఏనుగు దంతం పొదిగి ఉంటే అమ్మకం నిషేధం. కడప జిల్లా కాబట్టి ఇంకొకటి: ఎర్రచందనం. చెక్క బాగా బరువుగా, ముదురు ఎరుపుగా ఉండి, చిన్న పేడు నీళ్లలో మునిగితే అనుమానించాలి. టేకు తేలుతుంది, గీరితే తోలు వాసన కొడుతుంది. ఎర్రచందనమని తేలితే అటవీ శాఖ అధికారిని అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకునేదాకా లారీ ఎక్కించొద్దు.

నా సలహా: గల్లాపెట్టె, పడక కుర్చీ, భోషాణం ఉంచుకోండి. పందిరి మంచానికి కొత్తింట్లో పది అడుగుల గది లేకపోతే, దాన్ని నిలబెట్టగలిగిన బంధువులకు ఇవ్వండి. విప్పి అటకెక్కించిన మంచం పట్టెలు వంకర పోవచ్చు. చుట్టాలు వచ్చి కుర్చీలో ఎగిరి కూర్చుంటారని భయమా? ఇంగ్లండులో పాత ఇళ్లను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్లు పాత ఇళ్లలోని కుర్చీల మీద ఎండిన ముళ్లకాయ ఒకటి పెడతారు, బోర్డు అక్కర్లేకుండా అందరికీ అర్థమవుతుంది. మన దగ్గర సీటు మీద అడ్డంగా ఒక నవారు పట్టీ వదులుగా కట్టినా సరిపోతుంది. కిటికీ ఎండ పడే గోడ మాత్రం వదిలేయండి, మధ్యాహ్నం ఎండ రెండేళ్లు ఒకే వైపు పడితే భోషాణం ఒక పక్క వెలిసి రెండు రంగులవుతుంది.