షెడ్డు గుమ్మం దాటాక

పలాస

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పెట్టిన మెసేజ్ రెండుసార్లు చదివాను. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే మీ మేనేజర్లిద్దరికీ పేర్లు పెట్టేశావు. ఒకాయన హిట్లరు, ఇంకొకాయన మౌనముని. ట్రైనింగులో ఇచ్చిన కాగితం ప్రకారం ఎవరు ఏ రకం నాయకుడో చెప్పమన్నావు. ఆ సంగతి తర్వాత. ముందు నేను చేసిన తప్పు ఒకటి విను.

జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో పొట్టు తీసే షెడ్డు నాకు అప్పజెప్పారు. గుడ్డు, అంటే విరగని పప్పు, ధర వేరు, చీలిన బద్ద ధర వేరు. డబ్ల్యు 320 అనే రకం అంటే ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుడ్లు తూగాలి. విరిగిన పప్పు ఆ లెక్కలోకే రాదు. అందుకని బద్దలు ఎక్కువైన రోజు షెడ్డు అదిరిపోయేలా అరిచేవాణ్ణి. రెండు వారాల్లో బద్దలు తగ్గాయి. నా అరుపు పనిచేసిందని మీసం తిప్పుకున్నాను. నెల తిరక్కుండా ఒక లాటు వెనక్కి వచ్చేసింది. గుడ్ల డబ్బాల అడుగున బద్దలు!

ఎవరు కలిపారని అడిగితే వరసలో అందరికన్నా పెద్దామె నోరు విప్పింది. “మీరరుస్తారని భయమేసి కలిపీసినాం బాబూ. మా చేతుల్లో ఇరగట్లేదు, డ్రయ్యరు కాడే పాడైపోతంది.” వేడి ఎక్కువై పప్పు పెళుసెక్కుతోంది, పొట్టు మీద వేలు వేస్తే చాలు చిట్లిపోతోంది. షెడ్డులో అందరికీ తెలిసిన ఈ సంగతి నాకొక్కడికే తెలీదు. అరిచేవాడి దగ్గరికి వెళ్లి డ్రయ్యరు బాగాలేదని ఎవరు చెప్తారు? డ్రయ్యరు బాగుచేయించడానికి ఒక పూట పట్టింది. వాళ్లు నాతో మామూలుగా మాట్లాడటానికి ఏడాది పట్టింది.

మీ కాగితంలో కర్ట్ లెవిన్ పేరు చూసే ఉంటావు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన, ఆయన దగ్గర పనిచేసిన లిప్పిట్, వైట్ కలిసి పదేళ్ల పిల్లలతో చిన్న చిన్న క్లబ్బులు పెట్టించి, 1939లో ఆ ఫలితాలు రాశారు. ఒక పెద్దమనిషి అన్నీ తానే చెప్పి చేయించాడు, ఒకరు పిల్లల్ని కలుపుకుని చేశారు, ఒకరు మీ ఇష్టం అని వదిలేశారు. ఆ మూడు పేర్లే అందరూ బట్టీ పడతారు. నాకు నచ్చింది వేరు. పెద్దమనిషి గదిలోంచి బయటికి వెళ్లినప్పుడు ఏమైందో కూడా వాళ్లు చూశారు. ఆజ్ఞలిచ్చే ఆయన వెళ్లగానే పిల్లలు పని పక్కన పెట్టేశారు. కలుపుకునే ఆయన వెళ్లినా పని దాదాపు అలాగే సాగింది.

కాబట్టి మీ ‘హిట్లరు’ గొంతు ఎంత పెద్దదో నాకు చెప్పకు. ఆయన క్యాంటీన్‌కి వెళ్లిన పావుగంటలో మీ వాళ్లు ఏం చేస్తున్నారో చూసి చెప్పు. రీడింగులు టైముకి రాస్తున్నారా, ఆయన వచ్చే ముందు ఒక్కసారే నింపేస్తున్నారా?

ఇంకో మాట. రకం అనేది మనిషికి పచ్చబొట్టు కాదు. మా ఓనరు టీ గ్లాసు పట్టుకుని ప్యాకింగ్ కుర్రాణ్ణి కూడా “ఏం చేద్దామంటావు?” అని అడిగే మనిషి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన తీరం దాటింది కదా, ఆ వారం అదే మనిషిని పోల్చుకోలేకపోయాం. గోడౌన్ రేకులు ఎగిరిపోయాయి, జీడిపిక్కల బస్తాలు తడిశాయి. నువ్వు అటు, నువ్వు ఇటు, టార్పాలిన్ పట్టు, మాట్లాడకు! ఎవరమూ నొచ్చుకోలేదు. పిక్కలు ఆరి మళ్లీ బస్తాలకెక్కాక ఆయన టీ గ్లాసు ఆయన చేతికి వచ్చేసింది. నీ పని ఇట్టే అంటుకునే సాల్వెంట్ల మధ్య. వాల్వు కట్టెయ్ అని ఎవరైనా అరిస్తే ముందు కట్టెయ్, కారణం తర్వాత అడుగు.

హెర్సీ, బ్లాంచర్డ్ అని ఇద్దరు అమెరికా మేనేజ్‌మెంట్ పండితులు 1969లో చెప్పింది కూడా దాదాపు ఇదే. పని రానివాడికి చెప్పి చేయించాలి, కాస్త వచ్చినవాడికి ఎందుకో వివరించాలి, వచ్చీ జంకేవాణ్ణి కలుపుకోవాలి, బాగా వచ్చినవాడికి వదిలేయాలి. నువ్వు ఇప్పుడు మొదటి మెట్టు మీద ఉన్నావురా అల్లుడూ. మీ ‘హిట్లరు’ నీ వెనకే నిలబడి ప్రతిదీ చెప్తున్నాడంటే అది అవమానం కాదు. రెండేళ్లయినా అలాగే నిలబడితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఆయనకి చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే నలుగురిలో చెప్పకు. పక్కకి వెళ్లి, తొందరగా, అంకెతో చెప్పు. “టెంపరేచర్ పెరిగింది సార్” అంటే అరుస్తాడు. ఎన్ని గంటలకి ఎంత ఉంది, నువ్వేం చేశావు, ఈ మూడూ చెప్తే అరవడానికి చోటు తక్కువ.

నాకు అసలు టెన్షన్ మీ మౌనముని గురించే. నీ మీద నమ్మకంతో వదిలేశాడో, పట్టించుకోక వదిలేశాడో పైకి ఒకలాగే కనిపిస్తుంది. నమ్మినవాడు మర్నాడు “నిన్నటి బ్యాచ్ ఏమైంది?” అని అడుగుతాడు. రెండోవాడికి బ్యాచ్ ఉన్నట్టే గుర్తుండదు. ఏదైనా తేడా వస్తే మాత్రం “నాకెవరూ చెప్పలేదు” అంటాడు. అందుకని షిఫ్టు దిగే ముందు నాలుగు లైన్లు రాసి పంపు. ఇది చేశాను, ఇది మిగిలింది, రేపు ఇలా చేద్దామనుకుంటున్నాను, వద్దంటే చెప్పండి సార్. జవాబు రాకపోయినా పంపు.

ఉద్యోగం మానేయనా అని చివర్లో అడిగావు. అరిచేవాడి కోసం మానకు, మాట్లాడనివాడి కోసం అసలే మానకు. కానీ చూడని రీడింగు చూసినట్టు రికార్డులో రాయమని ఎవరైనా అన్నారనుకో, ఎంత మెత్తగా, ఎంత ప్రేమగా అన్నా సరే, ఆ సంతకం పెట్టకు. పైవాళ్లకి రాసి చెప్పు. వాళ్లూ అదే మాటంటే బ్యాగు సర్దుకుని బస్సెక్కేయ్. కాశీబుగ్గలో ఏ రాత్రి దిగినా ఫోన్ చెయ్యి, బండేసుకుని వస్తాను.

మీ మావయ్య