జీతం లేని ల్యాబు పనిలో చేరాలా?

"అక్కా, అమెరికాలో సైకాలజీ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మా ప్రొఫెసర్ తన ల్యాబులో జీతం లేకుండా పరిశోధన సహాయకుడిగా చేరమంటున్నారు. ఆ సమయంలో డైనింగ్ హాల్లో పని చేసుకుంటే నాలుగు డబ్బులు వస్తాయి కదా అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?" అని గుంటూరు నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు.

చేరు తమ్ముడూ. నాన్నగారి మాటలోనూ తప్పు లేదు. రూపాయల్లో అప్పు తెచ్చి డాలర్లలో ఫీజు కట్టే ఇంట్లో ప్రతి గంటకూ లెక్క ఉంటుంది. అందుకే డైనింగ్ హాల్ పని మానేయమని అనను. వారానికి పది గంటలు అక్కడ, ఎనిమిది గంటలు ల్యాబులో గడుపు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలకు మించకూడదని నీకు తెలిసే ఉంటుంది. జీతం లేదు కాబట్టి వీసాతో సంబంధం లేదని మాత్రం అనుకోకు. ఇతరులకు డబ్బిచ్చి చేయించే పనిని నువ్వు ఉచితంగా చేస్తే అది చిక్కు తెచ్చిపెట్టవచ్చు. ఆ పనిని కోర్సు క్రెడిట్లుగా నమోదు చేసుకునే వీలుంటే అదే మేలు. అదనపు ఫీజు పడుతుందేమో ముందే కనుక్కో.

సైకాలజీలో పీహెచ్‌డీకి వెళ్లాలంటే మార్కులు ఒక్కటే చాలవు. మూడు వందల మంది కూర్చునే తరగతిలో నీకు ఏ గ్రేడు వచ్చిందో తప్ప నీ గురించి ఏమీ తెలియని ప్రొఫెసర్ సిఫారసు ఉత్తరంలో ఏం రాస్తారు? పైగా పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో వేసవిలో నడిచే డిగ్రీ విద్యార్థుల పరిశోధన శిబిరాల్లో భృతి ఇచ్చేది అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికే. వీసా మీద వచ్చిన మనకు సొంత కాలేజీ ల్యాబే పెద్ద దారి.

ఒప్పుకునే ముందు, రోజూ నీకు పని నేర్పేది ఎవరో అడుగు. చాలా ల్యాబుల్లో అది ప్రొఫెసర్ కాదు, పీహెచ్‌డీ విద్యార్థి. ల్యాబు సమావేశాలకు నిన్నూ రానిస్తారా అని కూడా అడుగు. రానివ్వకపోతే నాకైతే ఆ ల్యాబు మీద అనుమానమే.

పరిశోధనలో పాల్గొనేవారిని కలవకముందే మనుషులపై పరిశోధనల నైతికత గురించి ఆన్‌లైన్ కోర్సు చేయిస్తారు. క్లిక్కులు కొట్టుకుంటూ దాటేయకు. అమెరికాలోని అలబామా రాష్ట్రం టస్కిగీలో పరిశోధన పేరుతో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు జబ్బు సంగతి సరిగా చెప్పకుండా, సరైన మందు ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్నారు. ఆ దారుణం బయటపడ్డాకే పరిశోధనల్లో పాల్గొనేవారిని కాపాడే చట్టం 1974లో, అలాంటి పరిశోధనల నైతిక సూత్రాలు చెప్పే బెల్మాంట్ నివేదిక 1979లో వచ్చాయి. నువ్వు సంతకం చేయించే అంగీకార పత్రం వెనుక ఆ మనుషులున్నారు.

పని మాత్రం చాలావరకు విసుగ్గానే ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో పసిపిల్లల చూపు మీద పరిశోధన చేసే ల్యాబులో చేరాను. కిటికీ లేని గది. తెర మీద ఏడు నెలల పాప, అమ్మ ఒడిలో. పాప చూపు బొమ్మ మీద నుంచి పక్కకు తిరిగిన క్షణాన మీట నొక్కాలి. సెకనుకు 30 ఫ్రేములు. అనుమానం వస్తే వెనక్కి తిప్పి ఒక్కో ఫ్రేమూ చూడాలి. అదే వీడియోను మరొకరు నాతో మాట్లాడకుండా విడిగా గుర్తిస్తారు. ఆ తర్వాత ఇద్దరి గుర్తులూ ఎంతవరకు కలిశాయో లెక్క కడతారు.

ఒకసారి మా గుర్తులు బొత్తిగా కలవలేదు. 47వ పాప వివరాలను నేను 74 కింద నమోదు చేశానని ఆ సాయంత్రమే గ్రహించాను. రెండు రోజులు నోరు విప్పలేదు. తప్పు ఒప్పుకుంటే బెత్తం దెబ్బలు తినే బడిలో పెరిగినదాన్ని. మూడో రోజు వణుకుతూ చెబితే మా పీహెచ్‌డీ అమ్మాయి ల్యాబు పుస్తకం తెరిచి తేదీ, తప్పు, దిద్దుబాటు మూడూ ఒక్క వరుసలో రాసింది. "చెప్పినందుకు చాలా సంతోషం" అంది. అంతే. చెప్పకపోయి ఉంటే ఒక పాప చూపు ఇంకో పాప లెక్కలో శాశ్వతంగా ఉండిపోయేది.

తెలివైన మన పిల్లలు ల్యాబుల్లో వెనకబడేది ఇక్కడే, తమ్ముడూ. అర్థం కాకపోయినా తల ఊపుతారు, పొరపాటు జరిగితే దాచుకుంటారు. నువ్వు అలా చేయవద్దు. అదే రోజు చెప్పు. ఏడాది పాటు అలా పనిచేసినవాడి గురించి ప్రొఫెసర్ దగ్గర రాయడానికి చాలా ఉంటుంది.

సోమవారం అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి, పని వివరాలు చూపించు. వాళ్లు సరేనంటే ప్రొఫెసర్‌కు ఆ రోజే జవాబు రాయి.